కాగితాలు సరిచేయిస్తే పదిహేడేళ్ల అబ్బాయి కారు నడపవచ్చా?

ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె భర్త గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. ఇంట్లో ఆమె, అత్తగారు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు ఉంటారు. అబ్బాయికి 17 ఏళ్ల 4 నెలలు. అత్తగారికి మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆస్పత్రి 22 కిలోమీటర్ల దూరం. ఇంటి ముందు మామగారి కారు ఉంది. ఆయన పోయి రెండేళ్లయినా కారు ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. మొదట్లో మరిది వీలు చూసుకుని వచ్చి తల్లిని తీసుకెళ్లేవాడు. ఆయనే ఊరి చివర వెంచర్ రోడ్ల మీద అబ్బాయికి డ్రైవింగ్ నేర్పించాడు. మూడు నెలలుగా నాయనమ్మను ఆస్పత్రికి తిప్పుతున్నది మనవడే.

పోయిన నెల ఒక మలుపు దగ్గర ఆ కారు పాలు పోసే వ్యక్తి స్కూటరుకు తగిలింది. క్యాన్లు దొర్లి పాలన్నీ రోడ్డు పాలయ్యాయి, ఆయన మోచేయి గీసుకుపోయింది. మరిది వచ్చి 3,000 రూపాయలు చేతిలో పెట్టి సర్దిచెప్పి పంపించాడు. ఆ రాత్రి ఆమె, మామగారు కారు కాగితాలు దాచుకునే ప్లాస్టిక్ కవరు మొదటిసారి విప్పి చూశారు. ఇన్సూరెన్స్ గడువు ముగిసి ఏడాది దాటింది. ఆర్‌సీకి (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కు) ఉన్న పదిహేనేళ్ల గడువు కూడా పది నెలల కిందటే తీరిపోయింది. భర్తకు ఫోన్ చేస్తే, “ఊళ్లో అందరి పిల్లలూ నడుపుతున్నారు, ఇన్సూరెన్స్ కట్టేస్తే సరిపోతుంది” అన్నారు. మరిది ఇంకో అడుగు ముందుకు వేసి, “ఏదైనా అయితే నేనే నడిపానని చెబుతాను వదినా, నాకు లైసెన్స్ ఉంది కదా” అని ధైర్యం చెప్పాడు. ఆమెకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇన్సూరెన్స్ కడితే బాబు నడపవచ్చా, వాడికి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికి ఇచ్చే లెర్నర్ లైసెన్స్) ఇప్పించవచ్చా, కేసంటూ అయితే అది ఎవరి మీదికి వస్తుంది, అత్తయ్యకు ఆస్పత్రి తప్పదు గనక వద్దని ఎలా చెప్పను అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం చదివాక నాకు అర్థమైనది ఇది. మీ ఇంట్లో మూడు ముడులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి: కారు చనిపోయిన మనిషి పేరున ఉంది, దాని ఆర్‌సీకీ ఇన్సూరెన్సుకీ గడువు తీరింది, నడుపుతున్న పిల్లవాడికి వయసు చాలదు. మొదటి రెండూ కొంత డబ్బుతో, కొంత తిరుగుడుతో విప్పగలిగినవి. మూడోది ఎనిమిది నెలలు గడిస్తే తప్ప ఎవరూ విప్పలేరు. మీవారు మొదటి రెండింటికి పనికొచ్చే మందును మూడోదానికి కూడా వేస్తున్నారు. మీ భయానికి అసలు కారణం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. ఇన్సూరెన్స్ కట్టగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుని తాళం మళ్లీ బాబు చేతికే ఇస్తారేమోనని మీ మనసు హెచ్చరిస్తోంది. ఆ హెచ్చరిక సరైనదే.

ముందు వయసు సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో మోటారు వాహనం నడపకూడదు. దీనికి ఒక్కటే మినహాయింపు ఉంది: 16 నిండినవారు 50 సీసీ మించని మోటారు సైకిలు నడపవచ్చు. గేర్లు లేని అలాంటి బండికి ఎల్‌ఎల్‌ఆర్ కావాలన్నా 18 లోపువారికి సంరక్షకుల రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఈ రోజుల్లో ఇళ్లలో కనిపించే స్కూటర్లు చాలావరకు 100 సీసీ పైబడినవే గనక, బాబు ట్యూషన్‌కు అలాంటి స్కూటరు తీసుకెళ్తుంటే దాన్ని కూడా ఆపాలి. ఇక కారుకు 18 నిండేదాకా ఎల్‌ఎల్‌ఆర్ రాదు. ఎంత బాగా నడిపినా, ఏ ఏజెంటు ఏం చెప్పినా ఇందులో మార్పు లేదు. పుట్టినతేదీ మార్చి రాయించే ఏజెంట్లు తగిలితే వారి జోలికి వెళ్లకండి. అది వేరే నేరం, బాబు చదువు కాగితాల దాకా పాకుతుంది.

కేసు ఎవరి మీదికి వస్తుందని అడిగారు. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు 199ఎ అనే సెక్షన్‌ను కొత్తగా చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే అతని సంరక్షకుడిని లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. శిక్ష మూడేళ్ల దాకా జైలు, దాంతోపాటు 25,000 రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. మీరు ముఖ్యంగా చూడవలసినది తర్వాతి మాట: ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా ఎల్‌ఎల్‌ఆర్ గానీ లైసెన్స్ గానీ పొందే అర్హత ఉండదు. మీ బాబు ఎనిమిది నెలలు ఆగితే చట్టబద్ధంగా అందేది, ఇప్పుడు దొరికిపోతే ఏడేళ్లకు పైగా అందకుండా పోతుంది. డిగ్రీ అయ్యి, ఉద్యోగంలో చేరాక కూడా బండి నడపలేని పరిస్థితి అది. వాడితో మాట్లాడేటప్పుడు జైలు మాట కన్నా ఈ మాటే ఎక్కువ పనిచేస్తుంది.

పిల్లవాడు తల్లిదండ్రుల అంగీకారంతోనే బండి తీశాడని కోర్టు ముందుగానే అనుకుంటుందని కూడా ఆ సెక్షన్ చెబుతోంది. తనకు తెలియకుండా జరిగిందని, లేదా జరగకుండా తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని నిరూపించుకునే అవకాశం ఇచ్చింది. నిరూపించే భారం మాత్రం పెద్దవాళ్లదే. వారానికి రెండుసార్లు, మూడు నెలలపాటు, నాయనమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని అబ్బాయి ఆస్పత్రి గేటు దాకా వెళ్లాడు. అక్కడి సెక్యూరిటీ గార్డుకు కూడా తెలిసిన విషయాన్ని మీకు తెలియదని ఎవరూ నమ్మరు. మీవారు దేశంలో లేరన్న కారణంతో, తాళం ఎవరిచ్చారన్న ప్రశ్న మొదట మిమ్మల్నే అడుగుతారు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇంట్లో రోజూ నిర్ణయాలు తీసుకోవలసిన మనిషి మీరు, బాధ్యత కూడా మీ మీదే పడుతుంది. అలాంటప్పుడు “ఏం కాదు” అనే మాట దూరాన ఉన్నవారి నోట తేలిగ్గా వస్తుంది.

మీ మరిది కూడా తప్పించుకోలేరు. లైసెన్స్ లేనివారికి బండి ఇచ్చి నడపనిస్తే 180వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ ఉంటాయి. ఈ సెక్షన్ యజమానికే కాదు, ఆ సమయంలో బండి ఎవరి అధీనంలో ఉందో వారికీ వర్తిస్తుంది. ఇన్సూరెన్స్ లేని బండి నడిపినా, నడపనిచ్చినా 196వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 2,000 జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే 4,000. రిజిస్ట్రేషన్ లేకుండా వాడితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 వరకు. చలాన్ రూపంలో అక్కడికక్కడ వసూలుచేసే మొత్తాలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. నేను చెప్పినవి చట్టంలో ఉన్న అంకెలు.

వెంచర్ రోడ్ల మీద నేర్పించాడు గనక అది బహిరంగ ప్రదేశం కాదని మరిది అనవచ్చు. చట్టం దృష్టిలో జనానికి వెళ్లే హక్కు ఉన్న ఏ చోటైనా బహిరంగ ప్రదేశమే, అది దారి పోయే రోడ్డు కానక్కర్లేదు. గేటు లేని వెంచర్లో పొద్దున నడకకు వచ్చేవారు, మేకలు తోలుకొచ్చేవారు, ప్లాట్లు చూడటానికి వచ్చేవారు ఉంటారు కదా. పైగా రిజిస్ట్రేషన్ గురించి చెప్పే 39వ సెక్షన్ “బహిరంగ ప్రదేశంలో గానీ, మరే ఇతర ప్రదేశంలో గానీ” అని స్పష్టంగా అంటోంది. వెంచరనే సాకు ఆర్‌సీ గడువు తీరిన కారుకు అసలే పనికిరాదు.

ఇప్పటిదాకా చెప్పిన జరిమానాలన్నీ కలిపినా ఇల్లు గడవని స్థితి రాదు. ఇంటిని కూల్చేది మరొకటి ఉంది, దాన్ని మీవారికి అంకెలతో చూపించండి.

ఆ రోజు పాలు పోసే ఆయన మోచేయితో బయటపడ్డారు. అలా కాకపోయి ఉంటే ఏమయ్యేదో లెక్క వేద్దాం. ఆయనకు 32 ఏళ్లు, నెలకు 20,000 సంపాదన, ఆయన మీద ఆధారపడినవారు నలుగురు అనుకోండి. ప్రమాద పరిహారం లెక్కకట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేఠీ కేసులోను స్థిరపరచింది. ఏడాది సంపాదన 2,40,000. సొంతంగా సంపాదించుకునే 40 ఏళ్ల లోపువారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి, అప్పుడు 3,36,000. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 2,52,000. ఆ వయసుకు కోర్టు నిర్ణయించిన గుణకం, అంటే ఎన్ని రెట్లు వేయాలో చెప్పే అంకె, 16. హెచ్చవేస్తే 40,32,000 రూపాయలు. భార్యాపిల్లలకు కలిగిన ఎడబాటుకు, అంత్యక్రియల ఖర్చుకు ఇచ్చేవి, వడ్డీ ఇంకా కలవలేదు. ఇన్సూరెన్స్ ఉంటే ఈ మొత్తం కంపెనీ మీదికి వెళ్తుంది. థర్డ్ పార్టీ పాలసీలో, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే ఇన్సూరెన్సులో, ప్రాణనష్టానికి, గాయాలకు ఇచ్చే పరిహారానికి పైపరిమితి లేదు. ఇన్సూరెన్స్ లేకపోతే ప్రతి రూపాయీ మీ కుటుంబమే కట్టాలి. కట్టకపోతే 174వ సెక్షన్ కింద, ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది, అప్పుడు దాన్ని భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. మీవారు ఎడారి ఎండలో సంపాదించి పంపుతున్న డబ్బుతో కట్టుకున్న ఇల్లే అప్పుడు లెక్కలోకి వస్తుంది.

అదే కారుకు ఇంజిన్ 1000 నుంచి 1500 సీసీ మధ్య ఉంటే, 2022 జూన్ 1 నుంచి అమలైన ధరల ప్రకారం ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, దాని మీద జీఎస్టీ. వెయ్యి సీసీ లోపైతే 2,094. మరిది ఆ రోజు స్కూటరు ఆయన చేతిలో పెట్టిన డబ్బుకూ దీనికీ పెద్ద తేడా లేదు.

కారు మామగారి పేరున ఉండటం వల్ల మరో చిక్కుంది. బండి ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారినే చట్టం యజమానిగా చూస్తుందని, అమ్మేశాక కూడా పేరు మార్చకపోతే పాత యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఆ పేరు గల మనిషి లేనప్పుడు ఆయన వారసులు ముందుకు రావలసి ఉంటుంది. పరిహారం కేసంటూ పడితే అందులో మీ అత్తయ్యను, మీవారిని, మరిదిని, పెళ్లయి వెళ్లిన ఆడపడుచు ఉంటే ఆమెను కూడా ప్రతివాదులుగా చేర్చవచ్చు. డయాలసిస్ బెడ్ మీద ఉన్న పెద్దావిడ పేరున కోర్టు నోటీసు రావడం మీలో ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను: ఇన్సూరెన్స్ కట్టేస్తే బాబు నడపవచ్చా? నడపకూడదు. లైసెన్స్ లేనివారు నడిపిన కేసుల్లో కంపెనీ ముందుగా బాధితులకు చెల్లించి, తర్వాత ఆ డబ్బును యజమాని నుంచి రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. అంటే అలాంటి సందర్భంలో పాలసీ కాపాడేది పాలు పోసే ఆయన కుటుంబాన్ని. మీ కుటుంబం కాదు. బాధితులకు వెంటనే డబ్బు అందడం చాలా మంచి సంగతే, అందుకే బాబు నడపకపోయినా ఇన్సూరెన్స్ కట్టాలంటున్నాను. కాని ఆ 40 లక్షలు చివరికి తిరిగి మీ గడపకే వస్తాయి. మీ సొంత కారుకు జరిగిన నష్టానికైతే కంపెనీ పైసా ఇవ్వదు. ఆర్‌సీ చెల్లకపోయినా ఇదే కథ: తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన బండ్ల కేసుల్లో సొంత నష్టం, దొంగతనం క్లెయిములను కంపెనీలు తోసిపుచ్చడం సరైనదేనని సుప్రీంకోర్టు 2014లోను, 2021లోను తీర్పులిచ్చింది.

మరిది చెప్పిన “నేనే నడిపానంటాను” అనే మాట గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఆయన ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు. కాని అసలు నేరం చేసినవారిని కాపాడటానికి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద విడిగా శిక్షపడే నేరం. రోడ్డు మీద ఉన్న సీసీ కెమెరాలు, ఫోన్ ఎక్కడుందో చెప్పే రికార్డులు, ఆస్పత్రి గేటు దగ్గర చూసినవారు, అందరూ కలిసి ఆ అబద్ధాన్ని ఒక్క పూటలో బయటపెడతారు. 2024 మే 19న పుణెలో 17 ఏళ్ల అబ్బాయి నడిపిన కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయిన సంగతి మీరు వినే ఉంటారు. శాశ్వత రిజిస్ట్రేషన్ పూర్తికాని ఇంటి కారే అది కూడా. అబ్బాయి తండ్రి అరెస్టయ్యారు. తర్వాత, నిజాన్ని మార్చే ప్రయత్నాలు జరిగాయన్న ఆరోపణలతో ఇంట్లో మరికొందరు కూడా కేసులో ఇరుక్కున్నారు. ప్రమాదం ఒక్కరి మీద కేసయితే, దాన్ని దాచబోవడం ఇంటిల్లిపాదినీ లాగింది. వాళ్ల డబ్బు, హోదా వేరు. మనలాంటి ఇళ్లకు అంత తట్టుకునే శక్తి కూడా ఉండదు.

స్కూటరు సంఘటన ముగిసిపోయిందని మీ మరిది అనుకుంటున్నారు. ప్రమాదంలో ఎవరికైనా గాయమైతే నడిపినవారు వైద్యం అందేలా చూసి, 24 గంటల్లోపు పోలీసులకు తెలియజేయాలని 134వ సెక్షన్ చెబుతోంది. ఆ గడువు ఎప్పుడో దాటింది. చేతిలో పెట్టిన 3,000 రూపాయలు చట్టపరంగా ఆ విషయాన్ని మూసేయవు. ఆయన ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది. నేనైతే ముందుగా ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వెళ్లి, చేయి ఎలా ఉందో, ఎక్స్‌రే తీయించుకున్నారో లేదో అడిగి, వైద్యం ఖర్చు ఇంకా ఉంటే ఇవ్వమంటాను. కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడం, బెదిరించినట్టు మాట్లాడటం వద్దు. పోలీసులకు ఇప్పుడు చెప్పాలా, ఎలా చెప్పాలి అన్నది మాత్రం నా ఉత్తరం చూసి నిర్ణయించుకోకండి. ఎదురుగా కూర్చుని మీ మాట పూర్తిగా వినే న్యాయవాదిని అడగండి. ఫీజు గురించి వెనకాడకండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం మహిళలకు, ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లవచ్చు, 15100 నంబరుకు ఫోన్ కూడా చేయవచ్చు.

ఇక కారును ఏం చేయాలన్నది మీ ఇంటివారంతా కలిసి తేల్చుకోవలసిన విషయం. నాకు కనిపిస్తున్న దారులు మూడు.

కారును ఉంచుకోవాలనుకుంటే పేరు మార్పిడితో మొదలుపెట్టండి. యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏకు (రవాణా శాఖ ఆఫీసుకు) తెలియజేసి, మూడు నెలల్లోపు వారసుల పేరుకు మార్పించుకోవాలని నిబంధన. మీరు ఆలస్యమయ్యారు గనక అదనపు రుసుము తప్పదు. ఫారం 31తో పాటు మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే అఫిడవిట్లు అడుగుతారు. ఆర్‌సీ రెన్యూవల్‌కు ఫారం 25. కారును తీసుకెళ్లి తనిఖీకి చూపించాలి, పాసైతే మరో అయిదేళ్లకు ఇస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారు ఆర్‌సీ రెన్యూవల్ ఫీజు 5,000 రూపాయలు, ఆలస్యమైన నెలలకు అదనంగా కట్టాలి, పైన హరిత పన్ను ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోవాలి. ఆర్టీఏకు కారును తీసుకెళ్లే రోజున నడిపేది లైసెన్స్ ఉన్న మనిషే అయి ఉండాలి; అంతకుముందే ఇన్సూరెన్స్ చేతిలో ఉండాలి.

ఈ ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. ఫోన్‌లో బండి నంబరు కొట్టగానే మామగారి పేరు వస్తుంది, డబ్బు కడితే రెండు నిమిషాల్లో పాలసీ కూడా వచ్చేస్తుంది. ఆ పని చేయకండి. బతికి లేని మనిషితో ఒప్పందం నిలవదు; క్లెయిం వచ్చిన రోజు కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే. కంపెనీ బ్రాంచికి వెళ్లి మరణ ధ్రువపత్రం చూపించి, ఎవరి పేరుకు కారు మారబోతోందో రాతపూర్వకంగా చెప్పి, వారు ఏ కాగితాలు కావాలంటే అవి ఇచ్చి పాలసీ తీసుకోండి. రెండు మూడుసార్లు తిరగవలసి వస్తుందేమో, తిరగండి.

రెండో దారి కారును వదిలించుకోవడం. పదహారేళ్ల కారుకు పేరు మార్పు, రెన్యూవల్, రిపేర్లు, పన్ను అన్నీ కలిపి లెక్క వేస్తే కారు విలువకు దగ్గర పడవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. తర్వాత కొత్త కారు కొంటే రోడ్డు పన్నులో రాయితీ పొందడానికి అది పనికొస్తుంది. అమ్మదలచుకుంటే మాత్రం పేరు మార్చకుండా చేతులు మార్చకండి. పాతసామాన్ల వ్యాపారికి కాగితాలు లేకుండా అప్పగించినా, రేపు ఎక్కడైనా ఆ నంబరుతో ప్రమాదం జరిగితే నోటీసు మళ్లీ మీ ఇంటికే వస్తుంది. కారు మీద మామగారి జ్ఞాపకం ఉందని మీరు రాశారు. అత్తయ్యను అడగకుండా ఈ దారి పట్టకండి.

మూడోది ఏ నిర్ణయమూ తీసుకోలేనంతవరకు కారును కదలనివ్వకపోవడం. దీనివల్ల ఆలస్య రుసుము పెరుగుతుంది తప్ప వేరే ప్రమాదం రాదు. తాళాలు రెండూ తీసి బీరువాలో పెట్టి, బీరువా తాళం మీ దగ్గర ఉంచుకోండి. బాబు నడపకూడదని మీవారికి, మరిదికి వాట్సాప్‌లో రాసి పంపండి. మాటగా చెప్పినది ఎవరూ గుర్తుపెట్టుకోరు. రాసినది, తగిన జాగ్రత్త తీసుకున్నానని రేపు చూపడానికి కూడా ఆధారం అవుతుంది.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం ఒకటుంది: “నాకు నడపడం రాదు గనక వాడి మీద పడింది.” మీకు 41 ఏళ్లన్నారు. మీరే ఎందుకు నేర్చుకోకూడదు? డ్రైవింగ్ స్కూలు కారుకు కాగితాలు ఉంటాయి, నేర్పేవారి వైపు కూడా బ్రేకు ఉంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్లవచ్చు. మీ బాబుకు 18 నిండేలోపు మీ చేతిలో లైసెన్స్ ఉండటం పూర్తిగా సాధ్యమే. అప్పుడు వాడు నేర్చుకునే రోజున పక్కసీట్లో కూర్చునే అర్హత కూడా మీకు ఉంటుంది. ఈలోపు ఆస్పత్రికి వెళ్లడానికి, డయాలసిస్ రోజులకు మాత్రం వచ్చే డ్రైవరును మాట్లాడుకోవచ్చు, అయితే కారు కాగితాలు సరయ్యాకే. అందాకా అదే దారిలో అదే రోజుల్లో డయాలసిస్‌కు వెళ్లే మరో కుటుంబంతో కలిసి నెలవారీ ఆటో కుదుర్చుకోండి. ఆస్పత్రిలో డయాలసిస్ విభాగం సిస్టర్‌ను అడిగితే మీ వైపు నుంచి ఇంకెవరు వస్తున్నారో ఆమె చెబుతుంది. ఆటోకు ఒక్కసారికి 700 అడుగుతున్నారన్నారు. ఇద్దరు పంచుకుంటే భారం సగమవుతుంది.

బాబుతో మాట్లాడేటప్పుడు వాణ్ణి దోషిలా నిలబెట్టకండి. వాడు సరదాకు రోడ్డెక్కలేదు. పెద్దవాళ్లు పని అప్పగించారు, వాడు చేశాడు. మూడు నెలలు పొద్దున్నే లేచి నాయనమ్మను జాగ్రత్తగా ఎక్కించి దించాడు. ఆ మాట ముందు చెప్పండి. వద్దనడం వాడి చేతకానితనం వల్ల కాదని, ఇన్నాళ్లూ మేమే తప్పు చేశామని చెప్పండి. ఇక మీద ఆటోలో నాయనమ్మ పక్కన కూర్చుని వెళ్లడం వాడి పనే అని చెబితే, వాడి చోటు వాడికి ఉంటుంది.

వాడికి 18 నిండిన రోజునే ఎల్‌ఎల్‌ఆర్‌కు దరఖాస్తు చేయవచ్చు. అది ఆరు నెలలు చెల్లుతుంది. చేతిలో ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారిని లైసెన్స్ ఉన్నవారిగానే చూడాలని ఇందాక చెప్పిన 2004 తీర్పులోనే ఉంది, కాని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 3వ నిబంధన పాటించినప్పుడే పాలసీ నిలుస్తుంది. పక్కన లైసెన్స్ ఉన్న మనిషి, బండిని ఆపగలిగేలా కూర్చుని ఉండాలి. కారుకు ముందు వెనక 18 సెంటీమీటర్ల చదరపు తెల్లని పలకల మీద కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తున ఎర్రని ‘ఎల్’ అక్షరం ఉండాలి. చిన్న స్టిక్కరు అతికించి పని కానిచ్చేస్తారు చాలామంది. మీరు అలా చేయవద్దు. ఆ నెలల్లో నాయనమ్మను తీసుకెళ్లే పని మాత్రం వాడికి పెట్టకండి. డయాలసిస్ అయ్యాక ఆమెకు నీరసంగా ఉంటుంది, వాడి కళ్లు అద్దంలో ఆమె మీదే ఉంటాయి.

ఈ వారం మీవారికి ఫోన్ చేసేటప్పుడు మరిదిని కూడా లైన్‌లో ఉంచండి. 40,32,000 లెక్క ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి ఇద్దరికీ ముందే పంపండి. కారు ఎవరి పేరుకు మార్చాలో, ఉంచాలో వద్దో ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. వచ్చే మంగళవారం అత్తయ్యను ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారన్నది మాత్రం ఆ ఫోన్ పెట్టేలోపు తేలిపోవాలి.